భయమేస్తే అరిచే అప్ప

అప్ప పోయిన సంగతి నాకు ఆఫీసు గేటు దగ్గర తెలిసింది. మధ్యాహ్నం ప్యూను వచ్చి, ఎవరో ఆడమనిషి నాకోసం నిలబడి ఉందనీ, లోపలికి రమ్మంటే రానంటోందనీ చెప్పాడు. వెళ్ళి చూస్తే అప్ప కూతురు. తల దువ్వుకోలేదు, కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నన్ను చూడగానే పలకరించకుండా గోడ చాటుకి జరిగింది. నేను దగ్గరికి వెళ్ళాక చెప్పింది.

"అమ్మ తెల్లారగట్ల ఎలిపోనాది. నాలుగ్గంటలకి మట్టి. నీకు సెప్పొద్దని మరీమరీ సెప్పింది. 'అతగాడు ఇబ్బంది పడతాడే అమ్మీ' అంది. నానే ఉండబట్టలేక వొచ్చీసినాను."

అంతే చెప్పి, నేనేదో అనేలోగా వెళ్ళిపోయింది. నేను తిరిగి వచ్చి సీట్లో కూర్చున్నాను. ముందున్న దరఖాస్తులు రెండు చూసి పక్కన పెట్టాను కూడా. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. పోయేముందు కూడా ఆ మనిషి నా ఇబ్బంది గురించే ఆలోచించిందన్న మాట మాత్రం నన్ను వదల్లేదు.

మా వైపు అక్కని అప్ప అంటాం. ఆవిడ నాకు సొంత అక్క కాదు. గుణుపురంలో ఊరి చివర మా పేటలో పిల్లాజెల్లా అందరికీ ఆవిడ అప్పే. మా అమ్మకీ అప్పే, నాకూ అప్పే. పొట్టి మనిషి, సన్నగా ఎండు పుల్లలా ఉండేది. ఆ ఒంట్లోంచి అంత గొంతు ఎలా వస్తుందో ఎవరికీ అర్థమయ్యేది కాదు.

అప్ప అంత పిరికి మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు. బల్లంటే భయం, కప్పంటే భయం, ఉరుమంటే భయం. పోలీసు టోపీ అంత దూరాన కనిపిస్తే కాళ్ళాడేవి కావు. నౌపడా నుంచి వచ్చే చిన్న రైలు కూత వేస్తే చెవులు మూసుకునేది. ఆ రైలు ఎక్కమని మేం పిల్లలం ఎంత ఆట పట్టించినా ఒక్కసారి కూడా ఎక్కలేదు. అయితే భయమేసినప్పుడు మనలాగా నోరు పడిపోవడం కాకుండా ఆవిడకి గొంతు లేచేది. కుక్క మొరిగితే దానికంటే గట్టిగా కుక్క మీద అరిచేది. పేటకి ఎవరైనా పెద్దమనిషి వస్తే, అడిగినదానికి నాలుగిళ్ళ అవతలకి వినపడేలా జవాబు చెప్పేది. అందుకని ఊళ్ళో అందరూ ఆవిణ్ణి గయ్యాళి అనుకున్నారు. మా అమ్మ ఒక్కర్తే అసలు సంగతి కనిపెట్టింది.

"దానికి బయమేత్తందిరా, అందుకే అరుత్తంది. దాని సేతులు సూడు" అనేది అమ్మ.

చూస్తే నిజమే. అరుస్తున్నంతసేపూ ఆవిడ పమిట కొంగుని వేళ్ళకి చుట్టి విప్పి, చుట్టి విప్పి చేస్తూనే ఉండేది.

నాకు ఊహ తెలిసే రోజుల్లో మా ఊరు మద్రాసు రాజధానిలోంచి ఒరిస్సాలోకి పోయింది. ఊరు కదల్లేదు, వంశధార కదల్లేదు, ఆఫీసుల ముందు బోర్డుల మీద అక్షరాలు మారాయి. పెద్దవాళ్ళు అరుగుల మీద కూర్చుని ఇక మన గతేమిటని తెగ బెంగపడేవారు. అప్ప చీపురు పట్టుకుని ప్రార్థన ఇల్లు ఊడుస్తూ, "మద్రాసైతేనేటి, కటకమైతేనేటి? దేవుడికి రెండు బాసలూ వొచ్చు" అనేసి తన పనిలో పడేది.

ఆ ప్రార్థన ఇంటికి గంట లేదు. వాకిట్లో ఒక రైలుపట్టా ముక్క వేలాడదీసి ఉండేది. ఆదివారం పొద్దున్న దాన్ని ఇనపబోల్టుతో కొట్టడం అప్ప పని. ఎవరూ ఆవిడకి అప్పగించలేదు, తనే పెట్టుకుంది. చదువు రాదు. పాటలన్నీ కంఠతా వచ్చు, బైబిలు వాక్యాలు సగం సగం వచ్చు, రాని సగం తన మాటలతో పూడ్చేది. పాస్టరు అయ్యగారు సరిదిద్దితే, "అర్తం అదే గదండీ" అనేది.

యుద్ధం మొదలైంది. మా మిషను దొర జర్మనీ నుంచి వచ్చినవాడు. శత్రుదేశం వాడని సర్కారు తీసుకుపోయి ఎక్కడో ఉంచింది. మిషను నుంచి జీతాలు ఆగిపోయాయి. అయ్యగారు బంధువుల ఊరికి వెళ్ళి అక్కడే ఉండిపోయారు. ప్రార్థనకి వెళితే మనల్నీ పట్టుకుపోతారని పేటలో పుకారు పుట్టింది. వరసగా మూడు ఆదివారాలు ప్రార్థన ఇంట్లో అప్ప, మేం ఐదుగురు పిల్లలం తప్ప ఎవరూ లేరు. మేం కూడా వెళ్ళింది భక్తి వల్ల కాదు, పాట బాగా పాడితే బెల్లం ముక్క పెట్టేదని.

ఆవిడ ప్రార్థన ఒక పద్ధతిలో ఉండేది. పేటలో మొదటి ఇంటి నుంచి చివరి ఇంటిదాకా ఒక్కొక్కరి పేరూ ఎత్తి దేవుడికి అప్పజెప్పేది. ఆ ఆదివారాల్లో తలుపులూ కిటికీలూ తీసిపెట్టి మరీ చేసింది. "దేవా, జొరమని సెప్పి దుప్పటి ముసుగెట్టుకు తొంగున్నోణ్ణి లేపు. ఆడికి జొరం నేదని నీకు తెలుసు, నాకు తెలుసు" అంటుంటే, ఆ దుప్పటివాడికి ఇంట్లో వినపడేది. మాకు నవ్వాగేది కాదు. నా వంతు వచ్చేసరికి నెత్తి మీద చెయ్యి పెట్టేది. "ఈ గుంటడు సదువుకోవాల, పెద్ద ఉద్దోగం సెయ్యాల, నలుగురిలో నీ పేరు దాసకుండా బతకాల." ప్రతి ఆదివారం అదే మాట, ఒక్క ముక్క తేడా లేకుండా.

మూడో ఆదివారం మేం పాడుతుండగా పోలీసు వచ్చాడు. అప్పకి పోలీసంటే ఎంత భయమో చెప్పాను. గుమ్మంలోకి వెళ్ళి అడ్డంగా నిలబడింది. ఇక్కడ ఎవరెవరు చేరుతున్నారు, దొరకి ఉత్తరాలు ఎవరు రాస్తున్నారు అని అతను అడిగాడు.

"మా దేవుడు జెర్మనీవోడు కాడు బాబూ!" అని ఒక్క అరుపు అరిచింది. వీధి వీధంతా బయటికొచ్చింది. "దొర ఊరేటో నానెరగను. ఉత్తరం రాయడం నాకు రాదు. పిల్లలకి పాట నేర్పుతున్నాను. కావలిత్తే కూకుని వినండి!"

మా వైపు తిరిగి పాడండర్రా అంది. మేం వణుకుతూ పాడాం. ఆ పోలీసు ఏమనుకున్నాడో ఏమో, నిజంగానే మెట్టు మీద కూర్చుని పాటంతా విన్నాడు. మంచినీళ్ళు అడిగి తాగి వెళ్ళిపోయాడు. అతను వీధి మలుపు తిరిగాక అప్ప నేల మీద కూలబడింది. నీళ్ళు తెమ్మంటే తెచ్చాను. చెంబు పట్టుకోలేకపోయింది. ఆవిడ చేతులతో పాటు చెంబు కూడా ఊగుతుంటే నేనే పట్టుకుని తాగించాను. తరవాతి ఆదివారం పేటలో సగంమంది ప్రార్థనకి వచ్చారు. దుప్పటివాడు అందరికంటే ముందొచ్చాడు.

నేను చదువుకున్నాను. ఆవిడ కోరినట్టే అంతవరకూ జరిగింది. స్వరాజ్యం వచ్చాక మావంటి కులాలవాళ్ళకి ఉద్యోగాల్లో చోటు పెట్టారు, హాస్టళ్ళు పెట్టారు. కిరస్తానంలో కలిసినవాళ్ళకి ఆ చోటు లేదు. దరఖాస్తులో మతం అన్న గడిలో ఒక్క మాట మార్చి రాస్తే ఉంది. నాన్న అప్పటికే లేరు, ఇంట్లో తినీ తినకా గడుస్తోంది. మార్చి రాశాను. ఉద్యోగం వచ్చింది, రాయగడలో. మా అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. ఎంత రమ్మన్నా నాతో రాయగడ రాలేదు. వస్తే నా గుట్టు బయటపడుతుందని ఆవిడ లెక్క. గుణుపురంలోనే పోయింది, అక్కడే మట్టి చేశారు. నేను వెళ్ళి ఒక పూట ఉండి వచ్చాను.

రాయగడలో పెళ్ళి చేసుకున్నాను. మా ఇంటి గోడకి దేవుళ్ళ క్యాలెండరు ఉండేది. ఆఫీసులో పూజ చేస్తే ముందు నిలబడేవాణ్ణి. కొన్నాళ్ళకి ఇబ్బందిగా అనిపించడం కూడా మానేసింది.

అలాంటి రోజుల్లో అప్ప మా ఆఫీసు గుమ్మంలో ప్రత్యక్షమైంది. భర్త పోయాడనీ, కూతుర్ని తీసుకుని రాయగడ వచ్చి ఆస్పత్రిలో ఊడ్చే పనిలో చేరిందనీ ఆ రోజే తెలిసింది. కూతురు ఏడో తరగతి ప్యాసైంది. ముందు చదవాలంటే సర్కారు ఆడపిల్లల హాస్టల్లో సీటు కావాలి. బడి పంతులమ్మ ఒక చీటీ ఇచ్చి మా ఆఫీసుకి పంపింది. చదువు రానివాళ్ళ దరఖాస్తులు నింపడం నా పని.

నన్ను చూడగానే అప్ప మొహం విప్పారింది. నోరు తెరిచింది. నేను తల దించేసుకున్నాను. ఆవిడ నోరు మూసుకుని, బల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడింది. ఏం అర్థమైందో, ఎంత అర్థమైందో నాకు తెలియదు.

నేను గబగబా నింపేశాను. పిల్ల పేరు, తండ్రి పేరు, కులం. మతం దగ్గర ఆవిణ్ణి అడక్కుండా 'హిందూ' అని రాసేశాను. ఆవిడకి మేలు చేస్తున్నానని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. అది పూర్తి నిజం కాదు. ఆవిడ కూడా ఆ మాట కింద వేలిముద్ర వేస్తే, నేను చేసినది అంత పెద్ద తప్పు కాకుండా పోతుందని నా ఆశ.

మా పెద్ద గుమాస్తాని అందరూ బడాబాబు అనేవారు. పాత జమీందారీ కొలువు చేసిన తెలుగు కుటుంబం, పద్ధతి తప్పితే ఒప్పుకునే మనిషి కాదు. చదువు రానివాళ్ళకి నింపిన కాగితమంతా చదివి వినిపించి గాని వేలిముద్ర తీసుకోకూడదని ఆయన కట్టడి. అప్ప బొటనవేలికి సిరా పట్టించి కాగితం మీదికి తీసుకోబోతుంటే ఆయన తలెత్తాడు.

"అన్ని గళ్ళూ చదివి చెప్పావా?"

"చెప్పానండి."

"నాకు వినపడలేదే. మళ్ళీ చదువు."

చదివాను. మతం దగ్గర గొంతు తగ్గించి చదివాను. ఆవిడకి వినపడింది.

"ఆ మాట కొట్టీయి బాబూ" అంది.

బడాబాబు కలగజేసుకున్నాడు. ఆయనది చెడ్డ మనసు కాదు. "చూడమ్మా, అది కొట్టేస్తే సీటు రాదు. ఒక్క మాట. పిల్ల అక్కడ తిని చదువుకుని పంతులమ్మ అవుతుంది. నీ దేవుడొచ్చి ఈ కాగితం చూస్తాడా ఏమిటి? వేలు వెయ్యి."

అప్ప కొంగు వేళ్ళకి చుట్టుకుంది. సిరా వేలు మాత్రం విడిగా పైకెత్తి ఉంచింది. నాకు ఏం జరగబోతోందో తెలిసిపోయింది.

"నాను కిరస్తానమే బాబూ!" ఆఫీసంతా వెనక్కి తిరిగింది. "నా బిడ్డ సదువుకోవాలని నాకు నేదేటి? ఆస్పత్రిలో రగతం గుడ్డలు ఉతుకుతున్నాను. అయ్యి దాని సేత ఉతికించకూడదనే మీ కాళ్ళ కాడికొచ్చేను. అయితే ఈ మాటెట్టి సదివిత్తే, అది రోజూ పొద్దున్న లెగిసి అబద్దం ఆడాల. నిద్దట్లో కూడా బయపడాల. నాను దానికి తిండి తక్కువెట్టినాను గాని ఆ బయం మాత్రం ఎట్టలేను బాబూ!"

ఆ మాటలు ఆవిడ బడాబాబుతో అంటోంది. నా వైపు చూడనైనా లేదు. నేను రోజూ ఎలా నిద్ర లేస్తున్నానో ఆవిడకి ఎవరు చెప్పారు?

బడాబాబుకి అనుమానం వచ్చింది. "అడక్కుండా హిందూ అని ఎందుకు రాశావయ్యా? ఈవిణ్ణి నువ్వెరుగుదువా?" అని నన్నడిగాడు.

"ఎరగనండి" అన్నాను. ఆ మాట రావడానికి ఎంతో సేపు పట్టలేదు.

ఆయన అప్ప వైపు తిరిగాడు. "నువ్వెరుగుదువా ఇతన్ని?"

అప్ప నన్ను చూసింది. ఆవిడ చేతుల్లో నేను పెరిగాను. నా నెత్తి మీద చెయ్యి పెట్టి ప్రతి ఆదివారం ఏం అడిగిందో ఆవిడకీ గుర్తుంది, నాకూ గుర్తుంది. అవునని ఒక్క మాటంటే ఆ సాయంత్రానికి నా ఉద్యోగం ఉండదు. కొంగు వదిలేసింది. అప్పుడు, నేను ఎరిగిన ఇన్నేళ్ళలో మొదటిసారి, చాలా మెల్లగా మాట్లాడింది.

"ఈ బాబు ఎవులో నానెరగను. అందరికీ రాసినట్టే రాసీనారు. ఆరి తప్పేటీ నేదు."

కూతురి చదువు కోసం చెప్పని అబద్ధం నాకోసం చెప్పింది. నేను ఆ మాట కొట్టేసి, పైన 'క్రిస్టియన్' అని రాశాను. వేలిముద్ర వేసింది. వేలి సిరా తలకి రాసుకుని తుడుచుకుంది, బయట నిలబడ్డ పిల్ల చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. సీటు రాలేదు. రెండేళ్ళకి ఆ పిల్ల కూడా ఆస్పత్రిలో బకెట్టు పట్టుకుంది.

తరవాత ఆరేడేళ్ళు ఒకే ఊళ్ళో ఉన్నాం. బజార్లో నేను ఎదురైతే అప్ప వీధి దాటి అవతలి పక్కకి వెళ్ళిపోయేది. మొదట్లో కోపమనుకున్నాను, కోపమే అయితే బాగుండునని కూడా అనుకున్నాను. కాదని ఆస్పత్రిలో తెలిసింది. మా పెద్దవాడికి జ్వరం ఎక్కువై అక్కడ పెట్టాం. మా ఆవిడ ఇంటికెళ్ళింది, గదిలో నేనూ వాడూ ఉన్నాం. అప్ప ఫినాయిల్ బకెట్టుతో వచ్చింది. అటూ ఇటూ చూసి, చెయ్యి కొంగుకి తుడుచుకుని పిల్లాడి నుదుటి మీద పెట్టింది. పెదాలు కదిలాయి గాని నాకే వినపడలేదు. పేటంతా వినపడేలా ప్రార్థన చేసిన మనిషి గొంతు నొక్కుకోవడం నా వల్ల నేర్చుకుంది. నేను "అప్పా" అన్నాను. ఇంతలో నర్సు చెప్పుల చప్పుడైంది. ఆవిడ చటుక్కున వంగి తడిగుడ్డ నేలకేసి, "కాళ్ళు తియ్యండి బాబూ" అంది. కాళ్ళు తీశాను.

ఇక మిగిలింది అప్ప పోయిన రోజు సాయంత్రం సంగతి. తలనొప్పని చెప్పి ఆఫీసు నుంచి బయటపడ్డాను. ఆస్పత్రి పనివాళ్ళ ఇళ్ళ నుంచి నాగావళి వైపు శ్మశానానికి వెళ్ళాలంటే మా ఆఫీసు ముందు నుంచే దారి. నేను ఆఫీసు దాటాక వచ్చే మలుపులో, సైకిలు షాపు పంచన నిలబడ్డాను. పాట ముందు వినపడింది. తరవాత శవపెట్టె కనిపించింది. మోసేవాళ్ళు నలుగురు, వెనక పదిహేనుమందికి మించి లేరు. ఆఫీసు వసారాలో బడాబాబు లేచి నిలబడి చేతులు జోడించడం దూరం నుంచి చూశాను. ఎవరి పెట్టె అని ఆయన అడిగి ఉండడు. ఊరికే మర్యాదకి లేచాడు. నాకంటే ముందు ఆవిడకి దణ్ణం పెట్టినవాడు ఆయనే.

మలుపు తిరిగాక ఎదురెళ్ళి, మోస్తున్న ఒక ముసలాయన భుజం తట్టి నేను భుజం పెట్టాను. పెట్టె తేలిగ్గానే ఉంది. పక్కన నడుస్తున్న కూతురు నన్ను చూసింది.

"ఆపీసు దాటీదాకా అక్కడే ఉండి మంచి పని సేసినావు. అమ్మున్నా అదే సెప్పును" అంది.

దెప్పిపొడవలేదు. మనసారా అంది. దెప్పినా బాగుండేది.

మాలో ఒక అలవాటు ఉంది. పెట్టె దింపాక, మట్టి వేసేముందు, పోయినవారిని ఎరిగినవాళ్ళు ఎవరైనా ముందుకొచ్చి ఒక్క మాట సాక్ష్యం చెబుతారు. ఆస్పత్రిలో ఊడ్చే ఒకావిడ చెప్పింది, తనకి కూడులేని రోజుల్లో అప్ప తన గిన్నెలో సగం పెట్టేదని. కూతురు మొదలుపెట్టి పూర్తి చెయ్యలేకపోయింది. రాయగడ అయ్యగారు అందరి మొహాలూ వరసగా చూసుకుంటూ వచ్చి నా దగ్గర ఆగారు. ఆయనకి నేనెవరో తెలియదు, భుజం పెట్టాను కదా అని చూశారు. రోడ్డు మీద ఎవరో సైకిలు దిగి నిలబడి ఉన్నారు. వాళ్ళు నన్ను ఎరిగినవాళ్ళేమోనని చూశాను. చూసి తల దించుకున్నాను. అయ్యగారు పాట అందుకున్నారు. నేను మూడు దోసిళ్ళ మట్టి వేసి, అందరికంటే ముందు బయల్దేరి వచ్చేశాను. ఆ రాత్రి మా ఆవిడ ఏమయిందని అడిగితే అప్పుడు ఏడ్చాను.

అక్కడ చెప్పాల్సిన సాక్ష్యం ఇది. ఆలస్యంగానైనా కాగితం మీద పెట్టాను. ఊళ్ళ పేర్లు రాశాను. ఆఫీసు ఏదో రాయలేదు, నా పేరు రాయలేదు, ఆవిడ పేరు కూడా ఎక్కడా రాయలేదు. చదివినవాళ్ళు పెద్దరికాన్ని మన్నించి అప్ప అని ఊరుకున్నాననుకోవచ్చు. అది కాదు కారణం. ఆ పేరు రాస్తే రాయగడలో ఆవిణ్ణి గుర్తుపట్టనివాళ్ళు ఉండరు. ఆవిడెవరో తెలిస్తే, ఆ రోజు ఆవిడ కాగితం నింపిన గుమాస్తా ఎవరో తెలుసుకోవడం ఎంతసేపు? నాకు ఇద్దరు పిల్లలు. ఈ ఉద్యోగం తప్ప వేరే ఆధారం లేదు. అందుకని, ఇంత రాసి కూడా ఆవిడ పేరు రాయలేకపోయాను.